తేట నీళ్ళు పెరిగిన రోజు

1955, మాఘమాసం. కర్నూలుకు ఎగువన తుంగభద్ర ఒడ్డున ఒక రేవు. ఊరు అక్కడికి కోసెడు దూరం, అంటే రెండు మైళ్ళు. రేవులో ఒక కొట్టం, ఒక పుట్టి, నేను. అవతలి ఒడ్డు అప్పుడు హైదరాబాదు రాష్ట్రం. సంతకో, చుట్టాల ఇళ్ళకో, కూలి పనికో అటూ ఇటూ పోయేవాళ్ళను దాటించడం నా పని.

సరళా, రవీ, భోపాల్ చెరువులో కయాక్ నేర్చుకుంటున్నామని మీరు రాసిన ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాను. నేను చెబుతుంటే పక్కింటి టీచరమ్మ ఇది రాస్తోంది. కయాక్‌లో వాడే మాటలన్నీ వరసగా రాసి, "అవ్వా, మీ పుట్టిలో వీటిని ఏమంటారు?" అని అడిగారు కదా. కొన్నిటికి మా దగ్గర మాట ఉంది. కొన్నిటికి వస్తువే లేదు.

మీ కయాక్‌కు ముందు భాగం బో, వెనక భాగం స్టెర్న్ అన్నారు. పుట్టి పెద్ద గంప మాదిరి గుండ్రంగా ఉంటుంది. వెదురు దబ్బలతో అల్లి, కింద తోళ్ళు కుట్టి బిగిస్తారు. దానికి ముందూ లేదు, వెనకా లేదు. నడిపే మనిషి ఎక్కడ మోకాళ్ళూనితే అదే ముందు. మీ ప్యాడిల్‌కు రెండు కొసలా రెక్కలుంటాయట. మా తెడ్డుకు ఒకటే రెక్క. దాన్ని ఎదురుగా నీళ్ళలో దించి, కవ్వం ఆడించినట్టు అటూ ఇటూ ఆడిస్తూ నీళ్ళను మన వైపు లాక్కోవాలి. పక్కన వేసి లాగితే పుట్టి ముందుకు పోదు, తిరగలిలాగా తిరుగుతుంది. కొత్తగా పట్టినవాళ్ళు మొదటి నెలంతా తిరుగుతూనే ఉంటారు. మీరు బోల్తా పడి, నీళ్ళలోనే మెలితిరిగి పైకి లేస్తారట, దాన్ని రోల్ అంటారట. మాకు ఆ మాట అక్కర పడలేదు. పుట్టి బోల్తా పడితే లేవదు.

నాకు ఈ పని నేర్పింది మీ తాత. పెళ్ళయిన కొత్తలో, బరువు ఒక పక్కకు ఒరిగినప్పుడు సరిపెట్టడానికి నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకునేవాడు. చూసి చూసి తెడ్డు పట్టడం వచ్చింది. ఏటిని చూడటం మాత్రం రాలేదు. అది ఆయన జ్వరంతో మంచాన పడ్డ ఇరవై రోజుల్లో చెప్పించుకున్నాను. ఇక లేవడని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ సంగతి ఇద్దరం మాట్లాడుకోలేదు. ఏటి సంగతే మాట్లాడుకున్నాం.

"నీళ్ళు ఎర్రబారినాయంటే పైన వాన పడినట్టు. నురుగు, పుల్లా పుడకా కొట్టుకొస్తాంటే రెండు గడియల్లో వరద. తేటగా ఉండాయంటే భయం లేదు. నీళ్ళు లేస్తాంటే పుట్టి దించొద్దు, ఊర్లోకి పోయి చెప్పు. మూడు దాట్లకొక తూరి తోలు ఆరబెట్టు. రాయి దగ్గర దిగాల్సొస్తే పైపక్క దిగొద్దు, కిందికి పోయి దిగు."

నేను తిరిగి అప్పజెప్పేదాన్ని. ఒక మాట అటూ ఇటూ అయితే కళ్ళు మూసుకునే "మళ్ళా చెప్పు" అనేవాడు.

ఆయన పోయాక మీ అమ్మను ఆలూరులో మా అక్క దగ్గర ఉంచి బడికి పంపాను. నేను రేవుకు వచ్చేశాను. ఆడమనిషి పుట్టి నడపడమేమిటని కొందరు గొణిగారు కానీ, ఊరికి కోసెడు దూరంలో ఒంటరిగా పడి ఉండటానికి మగవాళ్ళెవరూ ముందుకు రాలేదు. పది మంది వచ్చే రోజులుండేవి. ఒక్కరూ రాని రోజులూ ఉండేవి. ఒక్కరూ రాని రోజు సాయంత్రం దాకా నోరు విప్పే పని ఉండేది కాదు. అందుకని పొద్దున్నే ముఖం కడుక్కుని, ఏటి ముందు నిలబడి, మీ తాత చెప్పినవన్నీ పైకి అప్పజెప్పేదాన్ని. ఒక్క మాట పోనిచ్చేదాన్ని కాదు. ఎవరైనా "నీళ్ళు ఎట్ల ఉండాయి నర్సమ్మా?" అంటే, "మా ఆయన చెప్పినాడు, తేట నీళ్ళకు భయం లేదని" అనేదాన్ని. వాళ్ళు ఎక్కేవాళ్ళు. నన్ను చూసి కాదు, ఆయన మాట మీద ఎక్కేవాళ్ళు. నాకూ అదే బాగుండేది.

మా రేవు దాటేవాళ్ళలో నాతో కాసేపు కూర్చుని మాట్లాడే మనిషి ఖాసింబీ ఒక్కతే. కల్లూరు ఆమెది. గాజులమ్మేది. కర్నూలులో గాజులు కొని, సరాలుగా గుచ్చి, గుడ్డలో చుట్టి భుజాన వేసుకుని ఊరూరూ తిరిగేది. ఆ మూటను మలారం అంటారు. పదిహేను రోజులకొకసారి మా దగ్గర ఏరు దాటి అవతలి ఊళ్ళకు పోయేది. మొగుడు పోయినదాన్ని, నా చేతికి ఆమె గాజు తొడిగే పని లేదు. నా వల్ల ఆమెకు వచ్చే లాభమేమీ లేదు. అయినా కూర్చునేది. నన్ను ఆటపట్టించడం ఆమెకు సరదా. "ఏమ్మే నర్సమ్మా, ఈ పదైదు దినాల్లో ఎన్ని మాటలు మాట్లాడినావు? చేతి ఏళ్ళ మీద లెక్కపెట్టొచ్చునా?" అనేది. ఆమెకూ ఇంట్లో ఎవరూ లేరు. ఊళ్ళన్నీ తిరిగే మనిషి కాబట్టి ఆ సంగతి బయటికి కనిపించేది కాదు.

ఇక ఆ రోజు సంగతి.

మాఘంలో ఏరు సన్నబడి రెండు పాయలవుతుంది. మధ్యలో వెడల్పాటి బండ ఒకటి తేలుతుంది. మా ఒడ్డు నుంచి బండ దాకా చిన్న పాయ. బండ మీద అందరూ దిగి నడుస్తారు. నేను పుట్టిని బోర్లించి నెత్తిన పెట్టుకుని నూరడుగులు మోసుకుపోయి పెద్ద పాయలో దించుతాను. మీరు పోర్టేజ్ అని రాశారే, నీళ్ళు చాలనిచోట పడవను మోసుకుపోవడమని, అదే. మాకు దానికి వేరే పేరు లేదు. మోయడమే.

ఆ మధ్యాహ్నం ఖాసింబీతో పాటు గోపన్న అనే ముసలి రైతు ఉన్నాడు, రెండు మేకలతో. చిన్న పాయ దాటేటప్పటికే మేకలు కుదురుగా లేవు. బండ మీద దిగగానే ఖాసింబీ మలారాన్ని గుండెకు హత్తుకుంది.

"నర్సమ్మా, నువ్వు ముందు ఈ మేకల్ని దించి రా. ఒక్క తన్ను తన్నినాయంటే నా మలారం గాజుపెంకులే."

గోపన్నకు రోషం వచ్చింది. "నా మేకలు తన్నేవి గావు తల్లీ. మర్యాద తెలిసినివి."

"మర్యాద తెలిసిన మేకను నేనింతవరకూ చూడ్లేదప్పా. పో పో, అవతల దాటినాక దానికి నా సలాము చెప్పు. నేనీడ కూచోని ఆకూవక్కా ఏసుకుంటా."

గోపన్నను, మేకలను పెద్ద పాయ దాటించాను. ఆయన మేకలను తోలుకుని గట్టెక్కి పోయాడు. పొద్దుటి నుంచి అది మూడో దాటు. తోలును బొటనవేలితో నొక్కి చూశాను. గుంట పడింది, వెంటనే లేవలేదు. అంటే తోలు నీళ్ళు తాగి మెత్తబడింది. మెత్తబడ్డ తోలు రాయి తగిలితే చిరుగుతుంది. మూడు దాట్లకొకసారి ఆరబెట్టమన్నాడు కదా. పుట్టిని ఇసుక మీద బోర్లించి, కుట్ల వెంబడి కానుగనూనె రాయడం మొదలుపెట్టాను. ఎండ కళ్ళలో పడకుండా ఏటికి వీపు పెట్టి కూర్చున్నాను.

కాసేపటికి బండ మీద నుంచి పిలుపు. "నర్సమ్మో!"

"వస్తాండా! తోలు ఆరనీ!"

మళ్ళీ పిలుపు. "బిరీన రామ్మే! నీ పుట్టి తోలు ఆరేలోపల నా తోలు నానేట్టుండాది!"

నవ్వుకున్నాను. ఆమె మాటలెప్పుడూ అంతే. తల తిప్పి ఒకసారి నా వెనక ఒడ్డు అంచున నీళ్ళు చూశాను. తేటగా ఉన్నాయి. అడుగున గులకరాళ్ళు కనిపిస్తున్నాయి. నురుగు లేదు, పుల్ల లేదు. మళ్ళీ నూనె రాసుకుంటూ కూర్చున్నాను. ఆ నీళ్ళు ఇందాక ఎక్కడున్నాయి, ఇప్పుడు ఎక్కడున్నాయి అని చూడలేదు. రంగు చూశాను, అంతే. నాకు చెప్పింది రంగు చూడమనే.

ఇంకా రెండుసార్లు అరిచింది. తర్వాత అరుపు ఆగిపోయింది. ఖాసింబీ నోరు మూతపడటం నేనెప్పుడూ ఎరగను. ఆ నిశ్శబ్దానికి లేచి నిలబడి వెనక్కి తిరిగాను.

బండ లేదు. రెండు మంచాలంత చోటు మాత్రం నీళ్ళ పైన ఉంది. దాని మీద ఆమె మలారాన్ని నెత్తిన పెట్టుకుని, రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉంది. పిలవడం లేదు. నా వైపే చూస్తోంది. ఏరు రెండు పాయలు కాదు, ఒకటే అయి పోతోంది. అద్దం మాదిరి తేటగా పోతోంది. అటువంటి వరదను నేనెప్పుడూ చూడలేదు. మీ తాత కూడా చూడలేదు.

పుట్టి మీద చెయ్యి వేసి ఆగిపోయాను. తేట నీళ్ళకు భయం లేదన్నాడు. నీళ్ళు లేస్తుంటే పుట్టి దించొద్దన్నాడు. ఈ నీళ్ళు తేటగానూ ఉన్నాయి, లేస్తూనూ ఉన్నాయి. ఆయన చెప్పినవన్నీ మనసులో మొదటి నుంచి చివరి దాకా అప్పజెప్పుకున్నాను, పొద్దున్నే చేసినట్టు. ఇటువంటి రోజుకు అందులో ఒక్క మాట లేదు. ఊళ్ళోకి పోయి చెబుదామంటే ఊరు ఆ ఒడ్డున ఉంది, నేను ఈ ఒడ్డున ఉన్నాను. అడగడానికి ఎవరూ లేరు. ఆ నిమిషమంత ఒంటరితనం నాకు ఆయన పోయిన రోజు కూడా తెలియలేదు. ఆ రోజు ఇంటినిండా మనుషులున్నారు.

పుట్టిని నెత్తికెత్తుకున్నాను.

కయాక్ మూతిని ఏటికి ఎదురు పెట్టి, ఏటవాలుగా కొట్టుకుపోకుండా దాటడాన్ని ఫెర్రీ అంటారని రాశారు. మూతి లేని పుట్టితో అది కుదరదు. నీళ్ళు ఎటు తోస్తే అటు పోతుంది. అందుకని దిగాల్సిన చోటుకు ఎగువకు పోయి అక్కడ నీళ్ళలో పెట్టాలి. ఎంత ఎగువకు అనేదే పనితనం. తక్కువైతే బండకు అందకుండానే దిగువకు కొట్టుకుపోతావు. ఎక్కువైతే నడుమ రాళ్ళలో పడతావు. ఆ వేగంలో నేనెప్పుడూ దాటలేదు. ఒక ఎండుపుల్లను నీళ్ళలో వేసి, అది పోయే వేగం చూసి, గుండె చెప్పినంత దూరం నడిచాను. సగం ఆరిన తోలు భుజాల మీద రాచుకుపోయింది.

నీళ్ళలో పెట్టగానే పుట్టి రెండు చుట్లు తిరిగింది. ఒడ్డు, బండ, ఆకాశం, మళ్ళీ ఒడ్డు. తెడ్డును నిలువుగా దించి ఆపాను. బండ తల వైపుకు పోతే నీళ్ళు పుట్టిని రాయికేసి కొడతాయి. దాన్ని పక్కగా పోనిచ్చి, దాటిపోతున్నప్పుడు శక్తికొద్దీ లాక్కుని బండ కిందివైపుకు తిరిగాను. ఎడ్డీ అని రాశావు కదా సరళా, రాయి వెనక నీళ్ళు తిరగబడి రాయి వైపే పారే చోటని. మేము దాన్ని ఎదురునీరు అంటాం. ఆ ఎదురునీరు పుట్టిని పట్టుకుని మెల్లగా ఖాసింబీ కాళ్ళ దగ్గరికి తీసుకుపోయింది. ఆమె అప్పటికి మోకాళ్ళలోతు నీళ్ళలో ఉంది.

"ఎక్కు ఖాసింబక్కా. నడిమద్దెలో కూచో. నిలబడొద్దు."

"ఇంతసేపూ నిలబెట్టింది నువ్వే గదమ్మే."

"మలారం ఇడిచిపెట్టు. బరువు."

"నన్నిడిచిపెట్టి పోయింది చాలక మలారం గూడా ఇడిచిపెట్టమంటావా? ఇద్దరం వస్తాం, లేదంటే ఇద్దరం ఈడ్నే ఉంటాం."

వాదించే సమయం లేదు. చెయ్యి పట్టి లాగాను. మలారంతో సహా వచ్చి పడింది. పుట్టి అంచు నీళ్ళకు జానెడు పైన మిగిలింది. ఎదురునీరు వదిలి బయటికి రాగానే ఏరు మమ్మల్ని ఎత్తుకుపోయింది. అడుగున ఒక కుట్టు దగ్గర నీళ్ళు ఊరడం మొదలైంది. నీళ్ళు తోడే సొరబుర్ర ఆమె చేతికిచ్చాను. రెండు చేతులా తోడింది. తోడుతూనే అంచు వైపు చూసింది. జానెడు బెత్తెడైంది.

బుర్ర పక్కన పెట్టి, మలారం విప్పి, ఒక్కొక్క సరమే తీసి నీళ్ళలోకి వదిలింది. నీళ్ళు తేటగా ఉన్నాయి కదా, ఎర్రవి, పచ్చవి, నీలివి కిందికి దిగిపోవడం చాలాసేపు కనిపించింది. సగం మలారం ఖాళీ అయ్యాక మళ్ళీ బుర్ర తీసుకుని తోడటం మొదలుపెట్టింది.

మైలు దిగువన, మా ఒడ్డునే, చాకిరేవు దగ్గర ఏరు వంపు తిరుగుతుంది. అక్కడ వేగం తగ్గింది. ఇద్దరం దిగి ఇసుకలో కూలబడ్డాం. చాకలి రామాంజి బట్టలన్నీ గట్టు పైకి చేర్చుకుని కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి పరుగెత్తుకొచ్చాడు.

"ఏం నర్సమ్మక్కా, ఈ నీళ్ళలో పుట్టి ఏసినావేమి? పైన కొత్త డ్యాం కాడ నీళ్ళు ఇడుస్తారని నిన్న మాపటేళ ఊర్లో దండోరా ఏసిరి గదా!"

"నాకెవురు చెప్పినారు?"

"నీకు చెప్పేదేముండాది? రేవులో ఉండేదానివి. ఏటి సంగతి అందరికంటే ముందు నీకే తెలుస్తాదనుకుంటిమి."

నిజమే. ఊళ్ళో ప్రతి మనిషీ అదే అనుకున్నాడు. నన్ను మరిచిపోయి కాదు. నాకు తెలిసే ఉంటుందని ఒక్కరూ రేవు దాకా నడవలేదు.

ఖాసింబీ తల తుడుచుకుని నా వైపు తిరిగింది. "నేనట్ల అరుస్తాంటే నువ్వేం చేస్తాంటివి?"

"తోలుకు నూనె రాస్తాంటి. నీళ్ళు తేటగా ఉండాయి గదా అని... మా ఆయన చెప్పినాడు..."

"మీ ఆయన చూసిన ఏరు వేరేనమ్మా," అంది. కోపంగా కాదు, మెల్లగా. "పైన డ్యాం కట్టినాక ఈ ఏరు ఆయనకు తెలీదు."

ఆ మాటకు నాకు కోపం వచ్చింది. ఆమెను చంపబోయింది నేను, కోపం వచ్చిందీ నాకే. పుట్టిని నెత్తిన పెట్టుకుని గట్టు వెంబడి రేవుకు నడిచాను. ఆమె కల్లూరు దోవ పట్టింది.

కొన్నాళ్ళకు కాలవ పని చూసే ఒక ఓవర్సియర్ రేవు దాటుతూ నాకు విడమరిచి చెప్పాడు. డ్యాం వెనక నీళ్ళు నెలల తరబడి నిలబడితే మన్ను అడుగుకు దిగిపోతుంది. దిగువన కె.సి. కెనాల్‌కు, కడప దాకా పొలాలకు నీళ్ళు కావాలన్నప్పుడు ఆ తేరుకున్న నీళ్ళే వదులుతారు. వాన లేకుండానే ఏరు లేస్తుంది, ఎర్రబారకుండానే లేస్తుంది. వినడానికి అంతే. నాకు మాత్రం అది విన్నాక పొద్దున్నే అప్పజెప్పడం కష్టమైంది. ఎర్ర నీళ్ళు, నురుగు, పుల్లా పుడకా... తేట నీళ్ళ దగ్గరికి వచ్చేసరికి నోరు ఆగిపోయేది. ఆ మాట వదిలేసి మిగతావి చెబుదామంటే "మళ్ళా చెప్పు" అన్నట్టు ఉండేది. వారం రోజుల తర్వాత అప్పజెప్పడం మానేశాను. మానేశాక రేవు ఎంత పెద్దదో, ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో తెలిసింది. రెండేళ్ళు ఒంటరిగా పనిచేస్తున్నానని అనుకున్నాను కానీ, కాదు. ఒంటరి పని అప్పుడు మొదలైంది.

రెండు ఒడ్డుల్లోనూ వెదురు కర్రలు పాతాను. వాటి మీద కొడవలితో గీతలు కోశాను. పుట్టి దించే ముందు నీళ్ళు ఏ గీతలో ఉన్నాయో చూడటం, బోర్లించినప్పుడు ఏటికి వీపు పెట్టకుండా కూర్చోవడం, బండ మీద ఎవరినీ ఒంటరిగా వదలకపోవడం, వారానికి రెండుసార్లు నేనే ఊళ్ళోకి నడిచిపోయి దండోరా ఏమైనా వేశారా అని అడగడం. ఇవేవీ నాకు ఎవరూ చెప్పలేదు.

పదిహేను రోజులైంది, ఖాసింబీ రాలేదు. నెలైంది. వేరే రేవు పట్టుకుని ఉంటుందనుకున్నాను. ఇంకో రేవంటే ఆమెకు ఒక పూట నడక ఎక్కువ. అయినా ప్రాణం కంటే నడక ఎక్కువా అని సర్దిచెప్పుకున్నాను.

ఉగాది దాటాక ఒక పొద్దున వచ్చింది. మలారం మళ్ళీ నిండుగా ఉంది. గట్టు దిగింది కానీ పుట్టి దగ్గరికి రాలేదు. నాలుగడుగుల దూరంలో నిలబడి, ఏటినీ నన్నూ చూసింది. ఆటపట్టించే మాట ఒక్కటీ లేదు.

"నీళ్ళు ఎట్ల ఉండాయమ్మా?"

నాలుక కొసకు పాత మాట వచ్చింది. మింగేశాను.

"తెలీదు అక్కా. చూసి చెప్తా."

నీళ్ళలోకి దిగి కర్ర దగ్గరికి పోయాను. మూడో గీత. అక్కడే నిలబడ్డాను. నీళ్ళు గీతను తాకుతూ, దిగుతూ, తాకుతూ ఉన్నాయి. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు, కాళ్ళు చల్లబడిపోయాయి. వెనక ఆమె తొందరపెట్టలేదు. నాలుగో గీతకు రాలేదు. ఇంకాసేపు చూశాను. రాలేదు. తిరిగి ఒడ్డుకు వచ్చాను.

"దాటొచ్చు."

"ఎవురు చెప్పినారు?" అంది.

"నేనే చెప్తాండా," అన్నాను.

ఆమె ఇంకోసారి నా ముఖంలోకి చూసింది. తర్వాత చెప్పులు చేతిలోకి తీసుకుని, పుట్టెక్కి, నడిమధ్యలో కూర్చుంది.